మూడో గేరు కూత

5 జనవరి 1992, ఆదివారం

ఖరగ్‌పూర్ రైల్వే యూనియన్ ఆఫీసులో కొత్త డైరీ ఇచ్చారు. పోయినేడు ఇచ్చినదాన్ని మా ఆవిడ నూకాలు ఒరిగిపోయే బియ్యం డబ్బా కింద ఎత్తు పెట్టింది. అది ఇంకా అక్కడే ఉంది. ఈసారిది నాకే అట్టిపెట్టుకున్నాను. మనుషులతో మాట్లాడితే వాళ్లు తిరిగి ఏదో ఒకటి అంటారు. కాగితంతో ఆ గొడవ లేదు.

ఈరోజు గొడవంతా బండి గురించే. దసరా ముందు చక్రధర్‌పూర్‌కి బదిలీ అయిపోయిన గార్డు దగ్గర కొన్న మోటారుసైకిలు అది. ఇంజను గట్టిది, ట్యాంకు మీద రంగు కూడా పోలేదు. నూకాలును వెనక కూర్చోబెట్టుకుని గోల్‌బజార్ వెళ్లి చేపలు తెచ్చుకున్నాం. ట్రాఫిక్ కాలనీలో మా క్వార్టరు ముందు దిగి, చెంగు దులుపుకుంటూ అంది:

"మావా, ఈ బండి కూస్తన్నాది."

"బండన్నాక సౌండు రాదేటి?"

"సౌండు కాదు, కూత. సన్నంగా, సెవిలో సూది పెట్టినట్టున్నాది."

స్టీమింజన్లో బొగ్గు వేసిన రోజుల నుంచీ చప్పుడును బట్టి ఇంజను జబ్బు చెప్పిన మనిషిని నేను. నాకు వినబడనిది ఈవిడకెక్కడ వినబడింది? లోపలికి పోబోతుంటే పక్క క్వార్టరు టీచరమ్మ శ్యామలాంబ గారు గేటు దగ్గర నిలబడి, "అప్పలకొండ గారూ, మీరొస్తున్నారంటే రైలు గేటు దగ్గరుండగానే మాకు తెలిసిపోతుందండీ" అని నవ్వింది. మంచి బండి చూస్తే జనానికి కళ్లు కుడతాయని తెలుసు. చెవులు కూడా కుడతాయని ఈరోజే తెలిసింది.

8 జనవరి

చెయిన్ విప్పి కిరసనాయిల్లో కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించి బిగించాను. కూత లేదు. అసలు ఎప్పుడూ లేదు.

12 జనవరి, ఆదివారం

తిమోతి వచ్చాడు. నా అసిస్టెంటు డ్రైవరు. ఇద్దరు పిల్లల తండ్రి, ఇప్పటికీ నా ముందు కుర్చీలో కూర్చోడు. బండి ఓసారి ఇమ్మన్నాడు. కాలనీ చుట్టూ తిప్పి తెచ్చాడు.

"మూడో గేర్లోనే కూస్తన్నాదండి గురువుగారూ. ఒకటీ రెండిట్లో లేదు. నాలుగెయ్యగానే తగ్గిపోతన్నాది. లోపల బేరింగేమో, ఎవులికైనా సూపించండి."

వాడు వెళ్లాక నేను షెడ్డు రోడ్డు మీద మూడో గేర్లో అటూ ఇటూ తిరిగాను. ఇంజను దడదడ విన్నాను. చెయిన్ కవరు కొట్టుకోవడం విన్నాను. గాలి విన్నాను. వీళ్లు చెప్పే కూత మాత్రం నా చెవిన పడలేదు. మేకను మోసుకెళ్తున్న బ్రాహ్మణుడికి ముగ్గురు ఎదురొచ్చి అది కుక్క అన్నారట. ఆయన నమ్మి దించేశాడు. నేను దించను.

16 జనవరి

టాటా దాకా గూడ్సు రైలు డ్యూటీ. తెల్లారి పొగమంచు. తిమోతి చలికి మూతికి మఫ్లరు చుట్టుకుని ఎక్కాడు. దాన్ని తీయమన్నాను.

ఇంజన్లో మా పద్ధతి ఒకటి ఉంది. సిగ్నల్ కనబడగానే అసిస్టెంటు దాని రంగు పైకి చెప్పాలి. డ్రైవరు తిరిగి అదే రంగు చెప్పాలి. ఇద్దరి మాటా ఒకటైతేనే బండి ముందుకు. మూతికి గుడ్డ అడ్డముంటే పిలుపు ఏం స్పష్టంగా ఉంటుంది? రూల్ ప్రకారం గుడ్డ ఉండకూడదు. అలాంటి రూలు ఉందో లేదో నాకు తెలీదు. ఉండాలి.

తిమోతి "గ్రీన్" అన్నప్పుడు పళ్లు కనిపిస్తాయి. "ఎల్లో" అంటే చివర్లో మూతి సున్నా చుడతాడు. ఇన్నాళ్లు కలిసి పనిచేస్తే ఇలాంటివి ఎవరికైనా తెలిసిపోతాయి.

21 జనవరి

షెడ్డులో ల్యాంపు గది కిటికీ దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది, టార్చి మార్చుకోవడానికి. కిటికీ అవతల వెంకటరావు. ఒకప్పుడు మెయిలు తోలిన డ్రైవరు. నాకు బొగ్గు ఎలా చల్లాలో నేర్పినవాడు. మెడికల్‌లో చెవులు పోయాయని తేల్చి ఇంజను దింపేసి, ఆ కిటికీ వెనక కూర్చోబెట్టారు.

"టార్చి" అన్నాను.

"ఏటి?"

"టార్చి మామా."

"ఏటి?"

నా వెనక నిలబడ్డవాళ్లు "ఏటి తాతా, ఏటి తాతా" అని పాడటం మొదలుపెట్టారు. షెడ్డు మొత్తం మీద ఆయన అసలు పేరు తెలిసినవాడిని నేనొక్కడినే అయ్యుంటాను. ఆయన నవ్వాడు. వాళ్లేమంటున్నారో తెలియక నవ్వాడో, తెలిసి నవ్వాడో. నేను టార్చి తీసుకుని గబగబా వచ్చేశాను.

నేను "ఏటి" అనడం ఎప్పుడో మానేశాను. ఊరికే, అలవాటు తప్పింది అంతే. ఎవరైనా ఏదైనా అంటే "చూద్దాంలే" అంటాను. లోకంలో సగం మాటలకు అది సరిపోతుంది. మిగతా సగానికి తలాడిస్తే చాలు.

26 జనవరి, ఆదివారం

ఆ రెండు సగాల్లోనూ పడని మాట ఒకటి ఇవాళ తగిలింది.

బండి పక్కన బోర్లా పడుకుని వెనక చక్రం సరిచేస్తున్నాను. చెయిన్ ఒక చోట బిగువుగా, ఒక చోట వదులుగా ఉంది. చక్రం తిప్పుకుంటూ బిగువున్న చోటు చూసి సర్దాలి, లేకపోతే తెగుతుంది. నూకాలు గుమ్మంలో నిలబడి ఏదో అడిగింది. నేను "రెండ్రోజుల్లో చూద్దాంలే" అన్నాను.

ఆమె పగలబడి నవ్వింది. తిమోతి పెళ్లాం కూడా అక్కడే ఉంది, ఆవిడా నవ్వింది. తర్వాత తెలిసింది, నూకాలు అడిగింది "నీకు బండి కావాలా, పెళ్లాం కావాలా?" అని.

నేనూ నవ్వాను. హాస్యం ఆడానన్నాను. తిమోతి పెళ్లాం వెళ్లిపోయాక నూకాలు నవ్వు ఆపేసి నన్నే చూస్తూ నిలబడింది. ఆ చూపు నాకు నచ్చలేదు. కూర మాడుతోందేమో చూడమన్నాను. పొయ్యి మీద కూరే లేదు.

2 ఫిబ్రవరి, ఆదివారం

వీళ్ల పోరు పడలేక సుభాష్‌పల్లిలో మెకానిక్కు నిమాయ్ షెడ్డుకు తీసుకెళ్లాను. ఎటు చూసినా తెలుగువాళ్లుండే ఖరగ్‌పూర్‌లో పుట్టిన బెంగాలీ కాబట్టి మన మాట కూడా వస్తుంది. చెయిన్ తిరిగే పళ్లచక్రం చూసి పళ్లు కొక్కేల్లా వంగాయన్నాడు. చెయిన్ చేత్తో లాగి చూశాడు. బోల్టులు విప్పాడు, బిగించాడు. చెయ్యి తుడుచుకుని, "ఒక రౌండు కొట్టి రండి దాదా" అన్నాడు.

కొట్టి వచ్చాను. "పోయింది. బ్రహ్మాండంగా ఉంది" అన్నాను.

నిమాయ్ నా మొహం చూశాడు. పక్కనే బీడీ కాల్చుకుంటున్న అతని బావమరిదిని చూశాడు. మళ్లీ నన్ను చూశాడు.

"దాదా, నేనింకా ఏం చెయ్యలేదు. అదే చెయిన్, అదే ఆయిలు. కూత ఏ స్పీడులో వస్తాదో మీరు చూసి చెప్తారని పంపినాను. ఇక్కడికి వినబడుతున్నాది."

"చూద్దాంలే" అన్నాను. బండెక్కి వచ్చేశాను.

3 ఫిబ్రవరి

నిమాయ్‌కి వేళాకోళం ఎక్కువ. వేరే మెకానిక్కును చూసుకోవాలి.

9 ఫిబ్రవరి, ఆదివారం

రాయాలా వద్దా అని పొద్దుటి నుంచీ అనుకుంటున్నాను. రాస్తాను. ఇది ఎవరు చదువుతారు.

బండిని సెంటర్ స్టాండు మీద నిలబెట్టి మూడో గేరులో వేసి యాక్సిలేటరు ఇచ్చాను. వెనక చక్రం గాలిలో తిరుగుతోంది. అరచెయ్యి గేర్‌బాక్సు మూత మీద ఆనించాను. మామూలు ఇంజను దడ కాకుండా ఇంకోటి తగిలింది. సన్నని వణుకు. రెండో గేరు వేస్తే లేదు. మూడు వేస్తే మళ్లీ వచ్చింది. చేతికి చీమలు పాకినట్టు.

తలెత్తి చూశాను. నూకాలు వరండాలో రెండు చేతులతో చెవులు మూసుకుని నిలబడి ఉంది.

కూత ఉంది. నా దాకా రావట్లేదు.

ఇంజను ఆపేసి అక్కడే కూర్చున్నాను. ఇంకా ఏమేమి రావట్లేదో ఒక్కొక్కటే లెక్కపెట్టాను. కుక్కరు విజిల్ విని ఎన్నాళ్లయింది? నూకాలే వచ్చి దించుతోంది. వెంటిలేటర్లో పిచ్చుకలు గూడు కట్టాయి, నోళ్లు తెరుస్తున్నాయి, అరుపు లేదు. పిచ్చుకలు మూగవయ్యాయా? మొన్న ఇంజన్లో తిమోతి "గాలి లీకవుతన్నాది, బుస్సుమంటన్నాది ఇనండి" అన్నాడు. అతను వేలు చూపించిన చోట చెయ్యి పెడితే గాలి తగిలింది. బుస్సు లేదు. ఇంజను మోతలో వినబడలేదనుకున్నాను.

భయం వేసింది. యాభై దాటిన మగాణ్ని, పగటిపూట నా సొంత వరండాలో, నాకు చాలా భయం వేసింది.

చలికాలం కదా. చెవుల్లో గుబిలి గడ్డకట్టి ఉంటుంది.

11 ఫిబ్రవరి

వెల్లుల్లి కాచిన నూనె వేయించుకున్నాను. గుబిలి ఏమీ రాలేదు. దిండుకు మాత్రం వాసన పట్టింది.

14 ఫిబ్రవరి

డ్యూటీ రాసుకునే ఆఫీసులో బోర్డు మీద నా పేరు. మార్చిలో మెడికల్ పరీక్ష.

ఎటు నుంచి చూసినా దారి లేదు. ఒంట్లో బాగాలేదని సిక్కు పెడితే డాక్టరు ముందు చెవే చూస్తాడు. సెలవు పెడితే తారీఖు జరుగుతుంది గానీ పోదు. వెళ్తే చెవులు పోయాయంటారు, ఇంజను దింపుతారు. ఆ కిటికీ వెనక ఇంకో కుర్చీ వేస్తారు. వెంకటరావు ఈ ఎండాకాలం రిటైరవుతాడు, ఆ కుర్చీయే నాకిస్తారేమో. "ఏటి తాత" పేరు కూడా దానితోపాటే వస్తుంది. పలాస నుంచి రేకు పెట్టెతో వచ్చిన రోజు నుంచీ ఇంజను తప్ప ఏమీ ఎరగను. ఊళ్లో నన్ను అప్పలకొండ అనరు, డ్రైవర్ అప్పలకొండ అంటారు. ఆ ముందు మాట తీసేస్తే మిగిలేదెవరో నాకు తెలీదు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. పట్టాల మీద బండికి కనీసం వెనక్కి పోయే గేరుంటుంది.

20 ఫిబ్రవరి

ఇది ఎవరి కంటా పడకూడదు. అయినా రాస్తాను.

నిమ్‌పురా యార్డులో గూడ్సు కట్టారు. ఇంజను తగిలించారు. మధ్యాహ్నం ఎండ. సిగ్నల్ పడింది, తిమోతి "గ్రీన్" అన్నాడు, పళ్లు చూశాను, "గ్రీన్" అన్నాను. అతను అవతలి కిటికీలోంచి వెనక్కి చూడటానికి వెళ్లాడు. నేను బ్రేకు వదిలి హ్యాండిలు తిప్పాను. బండి కదిలింది.

తిమోతి నా మీద పడ్డాడు. ఒక చేత్తో నన్ను తోసి, ఇంకో చేత్తో బ్రేకు కొట్టాడు. చక్రం ఒక చుట్టయినా తిరిగి ఉండదు. నేను వాడిని తిట్టాను. వాడి మొహంలో నెత్తురు లేదు. నా వైపు కిటికీలోంచి వెనక్కి చూపించాడు.

రెండో వ్యాగను పక్కన ఒక ఖలాసీ ఎర్ర గుడ్డ ఊపుతున్నాడు. నోట్లో విజిలు. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. ఊపిరంతా పెట్టి ఊదుతున్నాడు, నేను చూస్తున్నాను, ఊదుతూనే ఉన్నాడు. నాకు ఏమీ వినబడలేదు.

వ్యాగను కింద నుంచి ఇంకొకడు పాక్కుంటూ బయటికి వచ్చాడు. సమూయేలు. మా కాలనీవాడే, వెనక వరస క్వార్టర్లో ఉంటాడు. బ్రేకు గొట్టం బిగించడానికి దూరాడట. పని అయిపోలేదని జోడీవాడు విజిల్ కొడుతూనే ఉన్నాడట. పట్టా పక్కన కంకర మీద కూర్చుండిపోయి తన కాళ్లు తానే తడుముకున్నాడు. రెండూ ఉన్నాయి.

యార్డు మాస్టరు పరిగెత్తుకొచ్చాడు. నేను నోరు తెరవకముందే తిమోతి చెప్పేశాడు:

"బ్రేకు ఒగ్గగానే బండి దానంతటది జారినాదండి. గురువుగారు ఇజిల్ ఇని టక్కున బ్రేకు కొట్టీసినారు. లేపోతే మనిసి పోదుడు."

అందరూ నన్ను చూశారు. నేను తలాడించాను.

21 ఫిబ్రవరి

తిమోతి వచ్చాడు. నూకాలు టీ ఇచ్చి లోపలికి వెళ్లింది. మొదటిసారి నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మొహం మొహానికి పెట్టి, నెమ్మదిగా, పదం పదం విడదీసి మాట్లాడాడు. అలా మాట్లాడుతున్నందుకే నాకు వాడి మీద కోపం వచ్చింది.

"గురువుగారూ, మీకు బండి కూత ఇనబడదని నాకు ఎప్పుడో తెలుసును. మీరేటీ అనుకోకండి. నానున్నాను కదా. మీ పక్క నుంచి కదల్ను. ఇంజన్లో మీ సెవులు నావి."

"నువ్వు సెలవు పెట్టిన రోజు?"

వాడు టీ గ్లాసు కింద పెట్టి, మెడికల్ సంగతి ఎత్తాడు.

"ఆ డాక్టరుగారు గది మూల ఎనకాతల నిలబడి టేషన్ల పేర్లు గుసగుసగా సెప్తారంట. మనం గోడకేసి సూస్తా తిరిగి సెప్పాల. టాటా లైనే, వరసగానే. మీకది నిద్రలో కూడా వచ్చును. నిమ్‌పురా, కలాయికుండా, ఖేమాసులీ, సర్డిహా. నాలుగే అడుగుతారంట. కిటికీ ఎనక్కుంటాది, ఆయన నీడ గోడ మీద పడతాది. తల ఒంగితే ఒక పేరు."

వాడి మేలు ఈ జన్మలో తీర్చలేను. వాడి మేలే నా మెడకు చుట్టుకుంది. వాడు ఒక్క మాట నిజం చెప్పి ఉంటే నిన్ననే అంతా అయిపోయేది.

23 ఫిబ్రవరి

డ్యూటీ. ఏమీ కాలేదు.

25 ఫిబ్రవరి

డ్యూటీ. ఏమీ కాలేదు. కదిలే ముందు రెండు వైపులా నేనే దిగి చూశాను. గార్డు నవ్వాడు.

27 ఫిబ్రవరి

డ్యూటీ. ఏమీ కాలేదు. సర్డిహా దగ్గర తిమోతి ఏదో అంటే "గ్రీన్" అన్నాను. వాడు అన్నది "టీ కావాలా" అని.

1 మార్చి, ఆదివారం

చర్చి నుంచి తిన్నగా వచ్చారు సమూయేలూ, అతని భార్య చిట్టెమ్మా. చేతిలో గిన్నె, దాని మీద మూత, మూత మీద గుడ్డ. పాయసం చేసి తెచ్చారు. నాకోసం.

సమూయేలు మామూలు గొంతుతో మాట్లాడాడు, కొంత తెలిసింది. "మీరు గాన ఇజిల్ ఇనకపోతే" అని మొదలుపెట్టి మధ్యలో ఆగి భార్య వైపు చూశాడు. తర్వాత చిట్టెమ్మ మాట్లాడింది. తల వంచుకుని, కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, చాలాసేపు మాట్లాడింది. పెదవులు కనబడలేదు. ఒక్క ముక్క అందలేదు. ఆమె ఆపి నా వైపు చూసింది. ఏదో అనాలి.

"చూద్దాంలే" అన్నాను.

ఆమె మొహం ఎలా అయిపోయిందో రాయలేను. సమూయేలు ఇబ్బందిగా నవ్వి లేచాడు. నూకాలు వాళ్ల వెంట గేటు దాకా వెళ్లి ఏదో సర్దిచెప్పింది. తిరిగొచ్చాక ఆమె ఏమందని అడిగాను.

"నీ పేరున రోజూ పార్దన సేసుకుంటన్నాదట. రేపు పుట్టబోయే బిడ్డకి నీ పేరు పెట్టుకుంటాం, ఒప్పుకుంటారా అని అడిగినాది."

పాయసం గిన్నె మూత తీయకుండా ఎదురుగా కూర్చున్నాను. నేను చంపబోయిన మనిషి ఇంట్లో నా పేరు మీద దండం పెడుతున్నారు. చెవిటివాడి ముందు శంఖం ఊదడం అంటే నవ్వుతాం గానీ, ఊదేవాళ్లు ఎంత ఊపిరి పెట్టి ఊదుతారో ఎవరూ ఆలోచించరు.

4 మార్చి

బండి తీయలేదు. నడిచి వెళ్లాను.

7 మార్చి

డ్యూటీ. ఏమీ కాలేదు. దిగేటప్పటికి చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది.

10 మార్చి, మంగళవారం

మెడికల్ అయింది.

కళ్లు బాగున్నాయన్నారు. రక్తం, గుండె బాగున్నాయన్నారు. తర్వాత చెవులకు ఒక గదిలోకి పంపారు. గోడకేసి నిలబెట్టారు. తిమోతి చెప్పినట్టే కిటికీ వెనక ఉంది. డాక్టరు నీడ నా పక్కన గోడ మీద పడింది, భుజాలూ తలా స్పష్టంగా.

తల వంగింది. "నిమ్‌పురా" అన్నాను.

తల వంగింది. "కలాయికుండా."

"ఖేమాసులీ."

"సర్డిహా."

లోపల ఒక పక్క నవ్వొచ్చింది. గట్టెక్కాను, మళ్లీ మెడికల్ వచ్చేదాకా ఇంకా రెండేళ్లు ఎవరూ నన్ను దింపలేరు. రెండేళ్లు. ఆ మాట అనుకోగానే సమూయేలు జోడీవాడి బుగ్గలు కళ్ల ముందుకొచ్చాయి, ఉబ్బి, ఊదుతూ.

నీడ తల వంగింది. "బాంస్‌తలా" అన్నాను.

తల ఇంకాస్త వంగింది. "ఝార్‌గ్రామ్."

అప్పుడు నీడలో కలం కనిపించింది. ఆయన రాసుకోవడానికి వంగాడు. కనిపించింది, నిజమే. అయినా "గిధ్‌నీ" అన్నాను. "చాకులియా" కూడా అన్నాను. గది నిశ్శబ్దంగానే ఉంది, నాకు అంతా నిశ్శబ్దమే కదా.

డాక్టరు చుట్టూ తిరిగి నా ముందుకొచ్చాడు. ఆయన అడిగినది పెదవుల మీద చదివాను, హిందీలో. "నేను సర్డిహాలోనే ఆగిపోయాను. మీరెక్కడికి వెళ్లిపోతున్నారు?"

సర్వీసు మొత్తం మీద ఒక్క ఎర్ర సిగ్నల్ దాటలేదు నేను. ఒక్కటి కూడా. ఇవాళ నాలుగ్గోడల మధ్య నిలబడి, ఆగాల్సిన చోటు దాటి నాలుగు స్టేషన్లు పోయాను. పొరపాటున పోయానా, కావాలని పోయానా అని ఇంటికొచ్చే దారంతా ఆలోచించాను. మొదటి రెండూ పొరపాటు. తర్వాతి రెండూ కాదు. అలిసిపోయాను. ఇక బండి ఆపాలి అనిపించింది, అంతే.

నూకాలుకు చెప్పాను. ఇంజను నుంచి దింపేస్తారని, చెవులు పోయాయని. ఆమె నా ముందుకొచ్చి నిలబడి అంది:

"నాకు బండి కొన్నకాడ్నించీ తెలుసును మావా. నువ్వే సెప్తావని సూస్తన్నాను."

ఏడ్చాను. ఆమె కూడా.

22 మార్చి, ఆదివారం

తిమోతి వారం రోజులు కంటపడలేదు. ఇవాళ వచ్చాడు. మొహం ముడుచుకుని, "అంత బాగా సెప్పినాను కదా గురువుగారూ, నాలుగే అని" అన్నాడు. కొత్త డ్రైవరు మంచివాడేనట. తిమోతి మఫ్లరు గురించి ఏమీ అనడట.

సమూయేలు ఇంటికి నేనే వెళ్లాను. ఆ రోజు బ్రేకు కొట్టింది నేను కాదని చెప్పాను. విజిల్ వినలేదని కూడా చెప్పాను. చిట్టెమ్మ లోపలికి వెళ్లిపోయింది. బిడ్డకు తిమోతి పేరు పెట్టుకోమన్నాను. నాకు మంచినీళ్లిచ్చారు. తాగి వచ్చేశాను.

29 మార్చి, ఆదివారం

ల్యాంపు గదిలో వారమైంది. వెంకటరావు మామ ఒక కుర్చీ, నేనొక కుర్చీ. కిటికీ దగ్గరికెవరొచ్చినా ఇద్దరం ఒకేసారి "ఏటి?" అంటాం. మొదటిరోజు నవ్వుకున్న కుర్రాళ్లు ఇప్పుడు చేతి వేళ్లతో చూపించి అడగడం నేర్చుకుంటున్నారు. ఒకడు మొన్న "ఏటి బాబాయ్" అన్నాడు. తాత కంటే బాబాయ్ నయం.

పొద్దున్న బండి నిమాయ్ దగ్గరికి తీసుకెళ్లాను. ముందే చెప్పేశాను, నాకు వినబడదు, నువ్వే విని చెయ్యాలని. అతను ఆరోజు సంగతి ఎత్తలేదు. గేర్‌బాక్సు విప్పితే మూడో గేరు పక్కన బేరింగు గుండ్లు గరుకెక్కి ఉన్నాయి. పాత ఆయిలు పళ్లెంలోకి వంచితే ఇనప రజను మిలమిలలాడింది. బేరింగు మార్చి, పళ్లచక్రాలు, చెయిన్ కొత్తవి వేశాడు. మధ్యాహ్నానికి బిగించి, తానే తోలుకెళ్లి, తానే విని వచ్చి, బొటనవేలు పైకెత్తి చూపించాడు. గేర్‌బాక్సు మీద చెయ్యి పెట్టి చూశాను. చీమలు లేవు.

ఇంటికొచ్చి బండి ఆపాను. నూకాలు పెరట్లో బట్టలు పిండుతోంది, నేనొచ్చినట్టే తెలియలేదు. రోజూ రైలు గేటు దగ్గర కూత విని టీ పెట్టేది. ఇవాళ టీ లేదు. నేను వెనక నిలబడితే ఉలిక్కిపడి తిరిగి ఏదో అంది.

"ఏటి?" అన్నాను.

తడి చేతులు చీరకు తుడుచుకుంటూ ఇంకోసారి అంది. "కూత పోనాది కదా. నువ్వొచ్చినట్టు నాకెలాగ తెలుస్తాది?"

ఈసారి తెలిసింది, ప్రతి మాటా. అయినా మళ్లీ "ఏటి?" అన్నాను. ఆమె దగ్గరికొచ్చి, నా చెవి పట్టుకుని వంచి, మొదటి నుంచీ చెప్పింది.